పెద్దల అడుగు తడబడకుండా

ఇంటి పెద్దలు స్నానాల గదిలో జారిపడ్డారనో, తెల్లవారుజామున వుజూకు లేచి తూలి పడిపోయారనో కబురు అందినప్పుడు మన నోట వెలువడే మొదటి మాట 'వయసు మీద పడింది కదా' అన్నదే. జ్వరం వస్తే కారణం వెదుకుతాము. చక్కెర పెరిగితే ఆహారాన్ని సరిదిద్దుకుంటాము. పడిపోవటానికి మాత్రం కారణం అడగము. జుట్టు నెరవటం వంటిదే అదీ అనుకుని ఊరుకుంటాము. ఒంటెను ముందు కట్టి, ఆ పిమ్మట అల్లాహ్ మీద భారం వేయాలన్న దైవప్రవక్త (స) బోధ ప్రతి ముస్లిం ఇంటికీ తెలిసినదే. పెద్దల నడక విషయంలో ఆ ఒంటెను కట్టటం ఎలాగన్నదే ఈ నెల మన ముందున్న ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవటం వల్ల మరణిస్తున్నారు. ప్రమాదవశాత్తు తగిలే గాయాల వల్ల సంభవించే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. వీటిలో 80 శాతానికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలోనే జరుగుతున్నాయి. 60 ఏళ్ళు దాటిన వారే ఎక్కువగా బలవుతున్నారు.

మేము ఈ శీర్షిక రాస్తున్న గరివిడి విజయనగరం జిల్లాలో మాంగనీసు గనులకూ, ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమకూ పేరుపడిన చిన్న పట్టణం. ఇటువంటి ఊళ్ళలో చదువుకున్న పిల్లలు విశాఖకో హైదరాబాదుకో తరలిపోతారు. మరికొందరు గల్ఫ్ దేశాలకు వెళతారు. ఇంట మిగిలేది పెద్దలు. దూరాన ఉన్న కొడుకు ప్రేమతో ఒక కొత్త ఫోనో, కళ్ళకు తగిలించుకునే యంత్రమో పంపి, 'అబ్బా, ఇది బొమ్మలు చూపిస్తూ వ్యాయామం చేయిస్తుంది, కాళ్ళకు బలం వస్తుంది' అంటాడు. ఆ మాట ఎంతవరకు నిజం, ఆ యంత్రం ఎంతవరకు భద్రం అన్నది పరిశీలించవలసిన విషయం.

పడిన తరువాత వచ్చే భయం

పడిపోవటం వల్ల కలిగే నష్టం అనగానే మనకు తుంటి ఎముక విరగటం గుర్తుకు వస్తుంది. అది నిజంగానే పెద్ద కష్టం. శస్త్రచికిత్స, నెలల తరబడి మంచం, ఇంటిల్లిపాదికీ పరిచర్య భారం. ముట్లు ఆగిపోయిన తరువాత స్త్రీల ఎముకలు త్వరగా పలచబడతాయి కనుక ఈ ముప్పు వారికి మరీ ఎక్కువ. ఎండ పొడ తగలక విటమిన్ డి తగ్గినవారిలో ఎముకలూ కండరాలూ కూడా బలహీనపడతాయి.

ఎముక విరగకుండా బయటపడినవారికీ ఒక నష్టం జరుగుతుంది. అది కంటికి కనబడదు. మళ్ళీ పడతానేమోనన్న భయం మనసులో స్థిరపడుతుంది. ఆ భయంతో పెద్దాయన ముందు మస్జిదుకు వెళ్ళటం మానుకుంటారు. తరువాత వీధి అరుగు వరకు రావటం మానుకుంటారు. 'మీరు కూర్చోండి, మేము తెచ్చిస్తాము' అని ఇంట్లోవారు ప్రేమతో మంచినీళ్ళు సైతం చేతికి అందిస్తారు. కదలిక తగ్గినకొద్దీ తొడ కండరాలు సన్నబడతాయి. కాళ్ళ బలం తగ్గినకొద్దీ అడుగు మరింత తడబడుతుంది. ఆ తడబాటే మరోసారి పడటానికి దారి తీస్తుంది. భయం వల్ల బలహీనత, బలహీనత వల్ల పతనం, పతనం వల్ల మళ్ళీ భయం. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచాలి.

దానిని తెంచవచ్చునని వైద్యశాస్త్రం నిరూపించింది. 2019లో ప్రచురితమైన కోక్రేన్ సమీక్ష 108 పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 23,000 మందికి పైగా పెద్దల వివరాలను కలిపి పరిశీలించింది. వ్యాయామం చేసిన వృద్ధులలో పడిపోయే సంఘటనలు 23 శాతం తగ్గినట్లు తేల్చింది. అంతకు ముందే న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు కాళ్ళ బలానికీ, సమతౌల్యానికీ ఇంట్లోనే చేసుకోదగిన ఒక వ్యాయామ క్రమాన్ని రూపొందించారు. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున ఆ కసరత్తు, దానికి తోడు కొంత నడక. 65 నుండి 97 ఏళ్ళ మధ్య వయసున్న 1,016 మంది ఫలితాలను కలిపి 2002లో లెక్కించగా, పడిపోవటం 35 శాతం తగ్గింది. 80 ఏళ్ళు దాటిన వారికి సైతం మేలు జరిగింది. 'ఈ వయసులో ఇంకేమి వ్యాయామం' అనే మాటకు ఇదే సమాధానం.

శరీరం ఎలా నిలదొక్కుకుంటుంది

సృష్టికర్త మన దేహంలో సమతౌల్యానికి మూడు కాపలాదారులను నియమించాడు. మొదటివి కళ్ళు. నేల ఎక్కడ పల్లంగా ఉంది, గడప ఎంత ఎత్తు ఉంది అన్నది అవి చెబుతాయి. రెండవది లోచెవి. అందులోని మూడు అర్ధవృత్తాకార నాళాలలో ఉండే ద్రవం తల ఎటు తిరిగినా ఆ సమాచారాన్ని మెదడుకు పంపుతుంది. మూడవది పాదాలు, చీలమండలు, మోకాళ్ళలోని స్పర్శ. బరువు మడమ మీద ఉందా, వేళ్ళ మీద ఉందా అన్నది అదే తెలియజేస్తుంది. ఈ మూడింటి కబుర్లను మెదడు క్షణంలో పోల్చి చూసుకుని కండరాలకు ఆజ్ఞ జారీ చేస్తుంది.

వయసు పెరిగినకొద్దీ ముగ్గురు కాపలాదారులూ అలసిపోతారు. కంటికి శుక్లం పడుతుంది. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారి అరికాళ్ళలో స్పర్శ మొద్దుబారుతుంది. లోచెవి సూక్ష్మత తగ్గుతుంది. ఆజ్ఞ అందినా కండరం వెంటనే స్పందించదు. అయితే ఈ ముగ్గురికీ శిక్షణ ఇవ్వవచ్చు. నిలదొక్కుకోవటం కొంత కష్టమయ్యే భంగిమలో, పడిపోకుండా తగిన ఆసరాతో, పదే పదే నిలబడటమే ఆ శిక్షణ. కుర్చీలో కూర్చుని చేతులు ఆడించినంత మాత్రాన సమతౌల్యం మెరుగుపడదు. పాదాల మీద నిలబడి బరువును అటూ ఇటూ మార్చినప్పుడే మెదడు నేర్చుకుంటుంది.

కొత్త సాధనం ఏమి చేస్తుంది

ఆగ్మెంటెడ్ రియాలిటీ అన్న మాట పుట్టింది ఒక కర్మాగారంలో. 1990ల ఆరంభంలో బోయింగ్ విమాన సంస్థలో టామ్ కాడెల్ అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టారు. విమానంలో వేలాది తీగలను అమర్చే కార్మికునికి ఏ తీగ ఎక్కడ పెట్టాలో కళ్ళెదుటే గీసి చూపించాలన్నది నాటి ఆలోచన. ఎదుట ఉన్న నిజమైన దృశ్యాన్ని అలాగే ఉంచి, దాని మీద లేని బొమ్మను చేర్చి చూపటమే ఈ విద్య సారం. వర్చువల్ రియాలిటీ అన్నది దీనికి భిన్నమైనది. అది కళ్ళను పూర్తిగా మూసివేసి మరో లోకాన్ని చూపిస్తుంది. ఈ తేడాను పెద్దల విషయంలో బాగా గుర్తుంచుకోవాలి.

వ్యాయామంలో దీనిని ఇలా వాడతారు. ఫోను లేదా టీవీ ఎదుట పెద్దవారు నిలబడతారు. కెమెరా వారి దేహాన్ని గమనిస్తుంది. 2020లో గూగుల్ పరిశోధకులు విడుదల చేసిన ఒక పద్ధతి సాధారణ ఫోను కెమెరాతోనే భుజాలు, మోచేతులు, తుంటి, మోకాళ్ళు, చీలమండలు మొదలుకొని 33 చోట్లను గుర్తించగలదు. తెర మీద వారి సొంత రూపమే కనబడుతుంది. దాని పక్కన ఒక పండో, బంతో, మెట్టో బొమ్మగా ప్రత్యక్షమవుతుంది. కుడి కాలు పక్కకు చాచి ఆ బొమ్మను తాకాలి. తాకితే ఒక లెక్క పెరుగుతుంది. నడుము వంగిపోతే సరిచేసుకొమ్మని సూచన వస్తుంది. కొన్ని ఆసుపత్రులలో నడక యంత్రం పట్టీ మీదే వెలుగుతో అడుగు గుర్తులను ప్రసరింపజేసి, వాటి మీద అడుగు వేయిస్తారు.

2013లో దక్షిణ కొరియా పరిశోధకులు ఒటాగో వ్యాయామాలకే ఈ విద్యను జోడించి 21 మంది వృద్ధ మహిళలతో 12 వారాలు సాధన చేయించారు. కొందరు మామూలుగా, కొందరు ఆగ్మెంటెడ్ రియాలిటీ సాయంతో చేశారు. ఆ సాయంతో చేసినవారిలో నిలదొక్కుకునే శక్తి, నడక మెరుగుపడ్డాయి. పడిపోమన్న ధైర్యమూ పెరిగింది. మన దేశంలో గాంధీనగర్ ఐఐటీలో ఉత్తమా లాహిరి బృందం దీనికి దగ్గరి పద్ధతిని పక్షవాతం బాధితుల కోసం రూపొందించింది. బల్ల వంటి పీఠం మీద నిలబడి, దేహం బరువును అటూ ఇటూ మార్చుతూ తెర మీది వస్తువును కదిలించటం అందులోని సాధన.

ఈ ఫలితాలను ఉన్నంత మేరకే గ్రహించాలి. 21 మంది అన్నది చిన్న సంఖ్య. కొరియా మహిళలు చేసినది ఏదో కొత్త మాయ కాదు, వారు చేసినవి ఒటాగో వ్యాయామాలే. బొమ్మ వారిని నిలబెట్టలేదు, వారి కాళ్ళే నిలబెట్టాయి. మరి యంత్రం చేసిన ఉపకారం ఏమిటి? రెండు. ఒకటి, అడుగు సరిగా పడిందా లేదా అని గమనించే కన్ను ఇచ్చింది. రెండు, రేపు మళ్ళీ లేచి నిలబడటానికి ఉత్సాహం ఇచ్చింది. వ్యాయామం మొదలుపెట్టినవారు మూడు వారాలకే మానుకోవటం లోకంలో సర్వసాధారణం కనుక ఈ రెండో ఉపకారం చిన్నదేమీ కాదు.

తొక్కుడు బిళ్ళలో ఉన్న రహస్యం

నేల మీద గుర్తు, ఆ గుర్తు మీద పడవలసిన అడుగు, తప్పితే చెప్పే కన్ను, గెలిస్తే కలిగే సంతోషం. ఈ నాలుగూ కలిసిన ఆట మన వీధులకు కొత్త కాదు. ఆడపిల్లలు సుద్దముక్కతో గళ్ళు గీసి ఆడే తొక్కుడు బిళ్ళ ఇదే. అందులో ఒంటికాలి మీద గెంతటం పిల్లలకు తగినది, పెద్దలకు ఎంతమాత్రం కాదు. గళ్ళ మీద ఆచితూచి అడుగు వేయటం మాత్రం పెద్దలకూ సాధ్యమే. ఖరీదైన యంత్రం లేని ఇల్లు సైతం దీనిని ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

గోడ పక్కన, చేతికి కిటికీ చువ్వలో బరువైన బల్లో అందే చోట, రంగు టేపుతో నేల మీద అడుగు వెడల్పున ఆరు గళ్ళు అతికించండి. టేపు అంచులు లేవకుండా నేలకు అంటి ఉండాలి. మనవడో మనవరాలో పక్కన నిలబడి 'దాదీ, ఎర్రగడి', 'దాదీ, రెండో గడి' అని పిలవాలి. దాదీ ఒక చేత్తో ఆసరా పట్టుకుని ఆ గడిలోకి అడుగు వేసి, తిరిగి వెనక్కు రావాలి. కొన్ని రోజులు గడిచాక అడుగు వేస్తూనే ఇంటిల్లిపాది పేర్లు వరుసగా చెప్పమనవచ్చు. ఇందులో ఒక అంతరార్థం ఉంది. నడుస్తూ మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆగిపోయే వృద్ధులు తరువాతి నెలల్లో ఎక్కువగా పడిపోతున్నారని 1997లో స్వీడన్ పరిశోధకులు గమనించారు. నడక, ఆలోచన ఒకేసారి సాగటం కూడా సాధనతో రావలసిన శక్తి.

దీనికి మరి మూడు వ్యాయామాలు జోడిస్తే చాలు. ఒకటి, గోడకు ఆనించిన గట్టి కుర్చీలో నుండి నెమ్మదిగా లేచి నిలబడి, నెమ్మదిగా కూర్చోవటం. మొదట ఐదుసార్లు, క్రమంగా పదిసార్లు. రెండు, బల్ల పట్టుకుని మడమలు ఎత్తి మునివేళ్ళ మీద నిలబడటం, తరువాత వేళ్ళు ఎత్తి మడమల మీద నిలబడటం. మూడు, ఒక పాదం మడమను మరో పాదం వేళ్ళకు తాకించి ఒకే వరుసలో పది అంకెలు లెక్కపెట్టేవరకు నిలబడటం. వారానికి కనీసం మూడు రోజులు సమతౌల్యానికీ, కండరాల బలానికీ కేటాయించాలన్నది 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చేసిన సూచన.

మెరుగుదలను కొలవటానికీ యంత్రం అవసరం లేదు. కుర్చీ నుండి 3 మీటర్ల దూరంలో ఒక గీత గీయండి. పెద్దవారు లేచి, తమకు అలవాటైన నడకతో ఆ గీత వరకు వెళ్ళి, వెనుదిరిగి వచ్చి కూర్చోవాలి. ఫోనులోని గడియారంతో కాలం లెక్కించండి. 1991 నుండి వైద్యులు వాడుతున్న పరీక్ష ఇది. 12 సెకండ్లు లేదా అంతకు మించి పడితే పడిపోయే ముప్పు ఉందని భావించి వైద్యుని సలహా తీసుకోవాలి. నెలకొకసారి ఆ సంఖ్యను ఒక పుస్తకంలో రాసిపెట్టండి. సంఖ్య తగ్గుతుంటే పెద్దలలో కలిగే ఉత్సాహం ఏ ఆటలోని గెలుపుకూ తీసిపోదు.

నమాజు, వుజూ వేళలలో

విశ్వాసి నమాజు చేసేది అల్లాహ్ ప్రసన్నత కోసమే, వ్యాయామం కోసం కాదు. అయినా అందులోని కదలికల వల్ల దేహానికి కలిగే మేలును చెప్పుకోవటంలో తప్పు లేదు. రోజుకు ఐదు పూటల ఫర్జ్ నమాజులలో 17 రకాతులు, 34 సజ్దాలు ఉన్నాయి. ప్రతి రకాతులోనూ నిలబడటం, వంగటం, నేలకు తల ఆనించటం, మళ్ళీ లేవటం ఉంటాయి. నమాజులోని కదలికలు నిలబడి బరువు మార్చుకునేటప్పటి సమతౌల్యాన్ని మెరుగుపరుస్తున్నాయని 2013లో రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులపై జరిపిన అధ్యయనంలో తేల్చారు. నేల మీద కూర్చుని ఆసరా లేకుండా లేవగలగటానికీ ఆయుష్షుకూ ఉన్న సంబంధాన్ని బ్రెజిల్ పరిశోధకులు 2012లో ప్రకటించారు. 51 నుండి 80 ఏళ్ళ మధ్య వయసున్న 2,002 మందిని పరీక్షించగా, లేవలేక ఎక్కువ ఆసరాలు వాడినవారిలో తరువాతి సంవత్సరాలలో మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి.

నేడు మస్జిదులలో కుర్చీల వరుస పెరుగుతోంది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేసుకునే సౌలభ్యం ధర్మం ప్రసాదించిన కారుణ్యం. ఆ సౌలభ్యాన్ని వాడుకుంటున్న పెద్దలను చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. మోకాలి చికిత్స జరిగినవారికి, కళ్ళు తిరిగేవారికి కుర్చీయే సరైనది. అయితే ఒక్కసారి పడ్డామన్న భయంతోనే కుర్చీకి మారినవారు వైద్యునికి చూపించుకుని, ఎంతవరకు నిలబడగలరో తెలుసుకోవటం మంచిది. రెండు నెలల సాధన తరువాత వారిలో కొందరు మళ్ళీ జానమాజు మీదకు రాగలుగుతారు. ధర్మపరమైన సందేహాన్ని ఆలిములను, దేహపరమైన సందేహాన్ని వైద్యులను అడగాలి.

నమాజుకు ముందు వేళ మరింత జాగ్రత్త అవసరం. వుజూలో పాదాలు కడిగేందుకు ఒక కాలు ఎత్తి సింకులో పెట్టటం యువకులకు తేలిక. తడి నేల మీద ఒంటికాలిపై నిలబడటమంటే పెద్దలకు అది ప్రమాదాన్ని పిలవటమే. వారి కోసం కుళాయి దగ్గర జారని కాళ్ళున్న పీటో, స్టూలో వేయండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. మస్జిదు కమిటీలు కూడా వుజూఖానాలో వృద్ధుల కోసం రెండు కూర్చునే చోట్లు, ఒక కడ్డీ ఏర్పాటు చేస్తే అది గొప్ప సేవ. నున్నని టైల్స్ మీద జానమాజు జారకుండా కింద రబ్బరు పట్టా పరచండి. ఫజ్ర్‌కు లేచేవారు మంచం మీదే ఒక నిమిషం కూర్చుని, దీపం వేసుకుని, ఆ తరువాతే నిలబడాలి. రక్తపోటు మాత్రలు వాడేవారికి హఠాత్తుగా లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. రమజాను పగళ్ళలో ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది కనుక ఆ నెలలో వ్యాయామాన్ని ఇఫ్తారు తరువాతి వేళకు మార్చుకోవాలి. ఉపవాసం విషయంలోనూ వైద్యుని సలహా పాటించాలి.

వ్యాయామం కంటే ముందు వైద్యుడు ఎప్పుడు

అన్ని తడబాట్లూ కసరత్తుతో పోయేవి కావు. సజ్దాకు వంగినప్పుడో, పక్క మీద ఒత్తిగిలినప్పుడో గది గిర్రున తిరిగినట్లయితే, లోచెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి ఉండవచ్చు. చెవి వైద్యులు తలను ఒక క్రమంలో తిప్పి వాటిని తిరిగి చోటికి చేరుస్తారు. చాలామందికి ఒకటి రెండు సార్లలోనే నయమవుతుంది. మసకచూపు ఉంటే ముందు శుక్లం శస్త్రచికిత్స సంగతి చూడాలి. నిద్రమాత్రలు, రక్తపోటు మాత్రలు, చక్కెర మాత్రలు ఎక్కువైనా అడుగు తడబడుతుంది. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి వైద్యునికి చూపించండి.

మా ప్రాంతంవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది మరొకటి ఉంది. గరివిడి చుట్టుపక్కల 1890ల నుండి మాంగనీసు తవ్వకం సాగుతోంది. ఎన్నో కుటుంబాలకు గనులూ, ఫెర్రో మాంగనీసు కొలుములూ అన్నం పెట్టాయి. ఎక్కువ మోతాదులో మాంగనీసు ధూళిని ఏళ్ళ తరబడి పీల్చినవారిలో, కదలికలను నియంత్రించే మెదడు భాగాలు దెబ్బతినవచ్చు. ఈ జబ్బును 1837లోనే జాన్ కూపర్ అనే స్కాట్లాండ్ వైద్యుడు వర్ణించాడు. నడక బిగుసుకుపోవటం, వెనక్కు అడుగు వేయబోతే తూలిపోవటం దాని లక్షణాలు. ఆ పనులు చేసినవారందరికీ ఇది వస్తుందని కాదు. అటువంటి పనిలో జీవితం గడిపిన పెద్దలు తూలుతుంటే, తాము చేసిన పని ఏమిటో, ఎన్నేళ్ళు చేశారో నరాల వైద్యునికి తప్పక చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి.

యంత్రం కొనదలచినవారికి

ఆగ్మెంటెడ్ రియాలిటీ వ్యాయామం మొదలుపెట్టాలనుకునే కుటుంబాలు కొన్ని నియమాలు పాటించాలి. కళ్ళను మూసివేసే హెడ్‌సెట్టును పెద్దలకు నిలబడి ఉండగా తగిలించవద్దు. నేల కనబడకపోతే మొదటి కాపలాదారు అయిన కంటిని మనమే కట్టివేసినట్లవుతుంది. ఉన్న ఫోనును టీవీకి కలిపి పెద్ద బొమ్మగా చూపించటం మేలు. చిన్న తెర వైపు మెడ వంచి చూస్తూ అడుగు వేయటం ప్రమాదకరం. మొదటి రెండు మూడు వారాలు ఫిజియోథెరపిస్టు సూచించిన వ్యాయామాలనే ఎంచుకోవాలి. ఆట వేగంగా సాగే కొద్దీ మార్కులు పెరిగే పద్ధతి పెద్దలకు తగదు. తొందరే పతనానికి మూలం. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగటం కలిగితే వెంటనే ఆపివేయాలి.

మన ఇళ్ళు ఆలోచించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. కెమెరా ఎదుట నిలబడేది మన అమ్మీ, మన నానీ. ఆ చిత్రం ఫోనులోనే ఉండిపోతుందా, మరెక్కడికైనా చేరుతుందా అన్నది ముందే తెలుసుకోవాలి. చిత్రాన్ని బయటకు పంపే యాప్ అయితే వద్దనటమే పర్దాకు, మర్యాదకు క్షేమం. సంగీతం వద్దనుకునేవారు శబ్దాన్ని ఆపివేసి, పిల్లల చేత అంకెలు చదివించుకోవచ్చు.

వీటన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. వ్యాయామం చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. కెమెరా 33 చోట్లను లెక్కించగలదు గాని, తూలుతున్న మనిషిని పట్టుకోలేదు. అడుగు తప్పిందని అది చెప్పేసరికి పడిపోవటం కూడా పూర్తవుతుంది. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరినప్పుడు వారిని విసుక్కోవద్దని దివ్య ఖుర్ఆన్ మనలను ఆదేశించింది. వృద్ధాప్యంలో సేవ అంటే మంచినీళ్ళు చేతికి అందించటమే అనుకుంటాము. లేచి వెళ్ళి తెచ్చుకునే శక్తి వారిలో నిలిచి ఉండేలా పక్కన నడవటం అంతకంటే గొప్ప సేవ.

దూరాన ఉన్న కొడుకులు, కూతుళ్ళు చేయగలిగినది కూడా ఉంది. యంత్రానికి పెట్టే డబ్బులో కొంత ముందు స్నానాల గదికి కడ్డీలు బిగించటానికీ, కంటి పరీక్షకూ ఖర్చు చేయండి. వారానికి మూడు రోజులు ఒక వేళ నిర్ణయించుకుని వీడియో కాల్‌లో ఉండి, 'అమ్మీ, ఈ రోజు ఎన్నిసార్లు లేచావు' అని అడగండి. ఇంటి దగ్గర ఉన్న తమ్ముడినో, మేనల్లుడినో, పొరుగువారినో ఆ పావుగంట పక్కన నిలబడమని కోరండి. గమనించే కన్ను, రేపటికి ఉత్సాహం. యంత్రం ఇచ్చే ఆ రెంటినీ మీరూ ఇవ్వగలరు.

ఈ సంచిక చదివిన ఇంట్లో 65 ఏళ్ళు దాటిన పెద్దలుంటే, రాబోయే శుక్రవారం లోపు మూడు పనులు చేయమని మా మనవి. వుజూ చేసే చోట ఒక పీట వేయండి. కుర్చీ నుండి 3 మీటర్ల పరీక్ష చేసి సంఖ్య రాసిపెట్టండి. గోడ పక్కన ఆరు గళ్ళ టేపు అతికించి, వారి చెయ్యి పట్టుకుని మొదటి అడుగు వేయించండి. మన పెద్దలకు చివరి వరకు తమ కాళ్ళ మీద నిలబడే శక్తిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.